పూలకు పోటీ, పెంచిన చేతికి పేరు



శ్రావణ శుక్రవారం పొద్దున్నే బందరు కోనేరు సెంటర్లోనో, గుడివాడ బజార్లోనో పూలబుట్టల దగ్గర జరిగే బేరం మీ అందరికీ తెలిసిందే. చేమంతులు కిలో ఎంత, కనకాంబరాలు మూర ఎంత, నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత తేడానా, కాస్త కొసరు వెయ్యమ్మా. ఇన్ని మాటల్లో ఒక్క మాట మాత్రం వినపడదు. ఈ పూలు ఎవరు పెంచారు? మామిడిపళ్ళు కొంటే నూజివీడువేనా అని అడుగుతాం. పూల దగ్గరికి వచ్చేసరికి ఊరూ అడగం, పేరూ అడగం. సాయంత్రానికి వాడిపోయే సరుకుకు పుట్టుపూర్వోత్తరాలు ఎందుకులే అనుకుంటాం.

బజార్లో పూవుకు ధర ఉంటుంది, పెంచినవాళ్ళకు పేరుండదు. ఆ పేరు దక్కించడం కోసం పుట్టినవే పూల సంఘాలు, పూల ప్రదర్శనలు. వాటి కథ, ఆ కథలో మన కృష్ణా డెల్టాకు ఉన్న చోటు ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

పూల ప్రదర్శన అనగానే మనకు రిబ్బను కత్తిరించే పెద్దలు, పూలతో చేసిన ఏనుగులు, వాటి ముందు ఫోటోలు గుర్తొస్తాయి. అదంతా పై హంగు. అసలు పని లోపల బల్లల మీద జరుగుతుంది. ఒకే రకం పూవును పదిమంది పెంచి తెచ్చి పక్కపక్కన పెడతారు. ఎవరిది బాగుంది, ఎందుకు బాగుంది అని తేల్చుకుంటారు. ఓడినవాడు గెలిచినవాడి దగ్గరికి వెళ్ళి ఎరువేం వేశావు, నీళ్ళెప్పుడు ఆపావు అని అడుగుతాడు. ఈ పద్ధతికి రూపం ఇచ్చింది రాజులూ ప్రభువులూ అనుకుంటే పొరపాటే. అందులో పెద్ద పాలు మగ్గం నేసుకుని బతికే మామూలు జనానిది.

ఇంగ్లండులో నార్విచ్ అని ఒక నేత ఊరుంది. 1631లోనే అక్కడ పూలు పెంచేవాళ్ళంతా చేరి విందు చేసుకున్నారు. ఆ విందు కోసమే ఒక నాటకం రాయించి ఆడించుకున్నారు కూడా. ఫ్లాండర్స్ నుంచి వలస వచ్చిన నేతగాళ్ళే ఆ పూల సరదా వెంట తెచ్చారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. తర్వాతి రెండు వందల ఏళ్ళలో ఆ సరదా ఉత్తరానికి పాకింది. లాంకషైర్ నేతగాళ్ళు ఆరిక్యులా అనే కొండపూవును పట్టుకున్నారు. స్కాట్లండులో పెయిస్లీ మస్లిన్ నేతగాళ్ళు పింక్ అనే చిన్న పూవును పట్టుకుని, రేకు చుట్టూ లేసు అల్లినట్టు ముదురురంగు గీత తీరుగా వచ్చేదాకా, గింజ మీద గింజ వేసి, నచ్చనిది పీకేసి, నచ్చినది దాచుకుని సాధించారు.

నేతవాళ్ళే ఎందుకంటే, వాళ్ళ పని ఇంట్లోనే. ఎండ ముదిరితే మగ్గం దిగి వెళ్ళి కుండీని నీడకు జరపొచ్చు, వాన వస్తే లోపలికి తెచ్చుకోవచ్చు. పైగా పోగు పోగూ లెక్కపెట్టే కళ్ళు వాళ్ళవి. రేకులో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాయి.

వాళ్ళ పోటీలు సారాకొట్టు గదుల్లో జరిగేవి. తలా కొంత చందా వేసుకునేవారు. గెలిచినవాడికి రాగి కెటిల్ బహుమతి. ఆ కెటిల్‌ను పోటీ జరిగే కొట్టు బయట వేలాడదీసి ఊరంతటికీ చూపించేవారు. 1836 నుంచి లెక్క చెప్పుకునే వేక్‌ఫీల్డ్ తులిప్ సంఘం ఇప్పటికీ ఉంది. పూర్వం అందులో చెప్పులు కుట్టేవాళ్ళు ఉండేవారు. ఏటా మే నెలలో ప్రదర్శన పెడతారు. లక్షలు పోసి పూలకూజాలు కొనరు. తులిప్ పూలను ఖాళీ బీరుసీసాల్లో నిలబెడతారు. సీసాలన్నీ ఒకే రకం కాబట్టి చూపు పూవు మీదే నిలుస్తుంది. ఈ బీరుసీసా సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

నార్విచ్ విందు జరిగిన కాలంలోనే మన బందరు పూలు సముద్రం దాటి వెళ్ళాయి. చెట్టున పూసినవి కావు, గుడ్డ మీద పూసినవి. గోల్కొండ సుల్తానుల నాటి మచిలీపట్నం రేవుకు డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారంటే ఈ అద్దకం గుడ్డల కోసమే. కరక్కాయ పాలలో నానబెట్టి, పటిక అద్ది, చిరివేరుతో ఉడకబెట్టి, పారే నీళ్ళలో జాడిస్తే వచ్చే ఆ ఎరుపు వాళ్ళ దేశాల్లో ఎవరికీ చేతకాలేదు. చిరివేరు మన తీరంలో గవ్వపొడి కలిసిన ఇసుక నేలలకు తగిన మొక్క. కృష్ణకు ఆవలి ఒడ్డున నిజాంపట్నం దగ్గర దొరికేది చాలా మేలైనదని 17వ శతాబ్దపు వర్తకులు రాసుకున్నారు. కొనుగోలుదారులు మొదట మన అద్దకం ఎలా ఉంటే అలాగే కొన్నారు. తర్వాత ఎర్రనేల వద్దు, తెల్లనేల మీద తీగలూ పూలూ కావాలని నమూనాలు పంపడం మొదలుపెట్టారు. మనవాళ్ళు ఎన్నడూ చూడని పూలను కాగితం మీది బొమ్మ చూసి గుడ్డ మీద పూయించారు.

ఈ గుడ్డల దెబ్బకు అక్కడి పట్టు నేతవాళ్ళూ ఉన్ని నేతవాళ్ళూ గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1721లో చట్టం చేసి, ఒంటి మీద వేసుకోవడమే నేరమంది. ఆనాటి కోరమాండల్ తీరపు అద్దకాలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. పక్కన చీటీ మీద తీరం పేరుంటుంది, కాలం ఉంటుంది. అద్దినవాళ్ళ పేరుండదు. అక్కడ తోటలో ఒక కొత్త రకం పింక్ పూయించిన నేతగాడి పేరు సంఘం పుస్తకంలోకి ఎక్కింది. ఇక్కడ ప్రపంచాన్నే మెప్పించిన పూలు అద్దినవాడి పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. పనితనంలో తేడా ఉండి కాదు. ఇక్కడ రాసిపెట్టే సంఘం లేక.

సారాకొట్టు గదుల్లోని ఆ పూల పోటీల పని పెద్దింటి ముంగిట్లోకి వచ్చింది 1804లో. మార్చి 7వ తేదీన లండన్‌లో ఒక పుస్తకాల షాపులో ఏడుగురు కూర్చుని హార్టికల్చరల్ సొసైటీ పెట్టారు. తర్వాత అదే రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అయింది. 1913 నుంచి చెల్సీలో జరిగే పేరుగొప్ప ప్రదర్శన వాళ్ళదే. ఆ ఏడుగురిలో ఒకరు సర్ జోసెఫ్ బ్యాంక్స్. ఈయనకూ మనకూ ఒక చుట్టరికం ఉంది. సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కలన్నీ వెతికి రాసిన విలియం రాక్స్‌బర్గ్ పుస్తకం 1795 నుంచి అచ్చయింది ఆయన పూనికతోనే. మూడు సంపుటాలు, 300 రంగు బొమ్మలు. బొమ్మలు వేసినవాళ్ళు మన దేశపు చిత్రకారులు. రాక్స్‌బర్గ్ ఒక మంచిపని చేశాడు. లాటిన్ పేరుతో పాటు మన జనం పిలిచే తెలుగు పేరు కూడా రాసుకున్నాడు. మొక్క పేరు తెలుగులో ఉండిపోయింది, బొమ్మ గీసినవాడి పేరు మళ్ళీ పోయింది.

మన దేశంలో ఇలాంటి సంఘం మొదట పెట్టింది విలియం కేరీ. 1820లో, కలకత్తాలో. మద్రాసు అగ్రి హార్టికల్చరల్ సొసైటీ 1835లో పుట్టింది. దాన్ని నిలబెట్టినవాళ్ళలో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ ముఖ్యుడు. అప్పుడు మన బందరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి అది మన రాజధాని సంఘమే. కేథడ్రల్ రోడ్డులో దాని తోట ఉండేది. ఊటీ పూల ప్రదర్శన 1896లో మొదలైంది. బెంగళూరు లాల్‌బాగ్‌లో 1889 నాటి అద్దాలమేడ ఉంది. 1912లో మైసూరు హార్టికల్చరల్ సొసైటీ ఏర్పడింది, దాని వెనక ఉన్నది క్రుంబీగల్ అనే జర్మన్ తోటల నిపుణుడు. జనవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఆ అద్దాలమేడలో జరిగే ప్రదర్శన చూడటానికి మన వాళ్ళూ రైలెక్కి వెళుతూనే ఉంటారు.

ఇవన్నీ గొప్పవే. కానీ ఇవి వచ్చేసరికి పాత పద్ధతిలో ఒక ముఖ్యమైన సంగతి మారిపోయింది. నేతగాడు తన పూవు తానే పెంచి, తానే తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. దొరల కాలంలో తోట ఒకరిది, చెయ్యి మరొకరిది అయింది. జనం చూసేవాళ్ళుగా మిగిలారు. మన ఊళ్ళలో పూల ప్రదర్శన పెట్టుకోవాలంటే నేర్చుకోవలసింది చెల్సీ దగ్గర కాదు, ఆ సారాకొట్టు నేతగాళ్ళ దగ్గర.

ఆమాటకొస్తే మనకు పూలు చూపించుకోవడం కొత్తా? కృష్ణ ఒడ్డున ఘంటసాల పక్కనే శ్రీకాకుళం ఉంది. కళింగ దండయాత్రకు వెళుతూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడి ఆంధ్ర మహావిష్ణువు గుడిలో ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. స్వామి కలలో కనిపించి గోదాదేవి కథ తెలుగులో చెప్పమన్నాడు. అలా పుట్టింది ఆముక్తమాల్యద. ఆ కథలో గోదాదేవిని పెంచిన విష్ణుచిత్తుడు ఎవరు? పూలతోట పెంచి, రోజూ మాల కట్టి స్వామికి ఇచ్చే తోటమాలి. తెలుగులో ఒక మహాకావ్యం తోటమాలి ఇంటి కథగా మన డెల్టా గుళ్ళో మొదలైంది. తిరుమలలో కార్తీకమాసంలో పుష్పయాగం చేసి టన్నుల కొద్దీ పూలతో స్వామిని అర్చిస్తారు. బ్రహ్మోత్సవాల్లో దేవస్థానం తోటల విభాగం పూల ప్రదర్శన కూడా పెడుతుంది.

మన ఇళ్ళ ముందు చూడండి. ధనుర్మాసం నెలంతా ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మ, గొబ్బెమ్మ తలలో గుమ్మడిపూవు, చుట్టూ బంతి, చేమంతి. వీధిలో ఎవరి గొబ్బెమ్మ బాగుందో ఆడపిల్లలు లోలోపల పోటీ పడుతూనే ఉంటారు. ఇంకో విశేషం. బంతి మెక్సికోది, గుమ్మడి అమెరికా ఖండానిది, చేమంతి చైనాది. ఎక్కడెక్కడి పూలో వచ్చి మన గొబ్బెమ్మ చుట్టూ చేరాయి. వచ్చిన పూవును మనది చేసుకోవడం ఈ రేవు సీమకు బాగా తెలుసు.

పక్కనున్న గోదావరి డెల్టాలో కడియం, కడియపులంక సంగతి తెలిసిందే. ఒండ్రుమట్టి, కాలవ నీళ్ళు, జాతీయ రహదారి, ఈ మూడింటినీ నమ్ముకుని నర్సరీలు పెరిగి దేశమంతటికీ మొక్కలు పంపుతున్నాయి. పర్వదినాలకు అక్కడి నర్సరీలవాళ్ళు వేల మొక్కలను పేర్చి బొమ్మలు తీరుస్తారు. మనకూ ఒండ్రుమట్టి ఉంది, 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట నాటి నుంచీ కాలవ నీళ్ళున్నాయి. కాకపోతే మన తూర్పు డెల్టా వరి మీద పడింది. గుడివాడ వైపు బరువైన నల్లరేగడి, వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. మల్లెకు నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. పాత కృష్ణా జిల్లాలోనే మెట్ట వైపు ఉన్న మైలవరం మల్లెలకు పేరొచ్చిందంటే నేల కలిసొచ్చింది.

అయితే పట్టుదల ఉంటే ఏమవుతుందో చూడాలంటే చల్లపల్లి వెళ్ళండి. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి ముందు నడవగా 2014 నవంబరులో స్వచ్ఛ చల్లపల్లి మొదలైంది. కార్యకర్తలు తెల్లవారకముందే చీపుళ్ళు, పలుగూ పారలతో రోడ్డెక్కుతారు. చెత్త ఎత్తిన చోటల్లా మొక్క పెట్టారు. ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటిన దారుల పక్కన ఇప్పుడు పూలమొక్కలున్నాయి. పూల సంఘానికి కావలసిన అసలు సరుకు ఇదే. రోజూ వచ్చే మనుషులు.

ఇక మన ప్రదర్శన ఎలా ఉండాలో చెప్పుకుందాం. ఏటా రెండు. చేమంతి పగలు పొట్టిగా ఉన్నప్పుడే మొగ్గ తొడిగే మొక్క. అందుకని సంక్రాంతి ముందు ఒకటి, చేమంతికీ బంతికీ. మల్లె వేసవి పూవు. చలికాలం మొదట్లో నీళ్ళు ఆపి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరిస్తే మార్చి నుంచి విరగపూస్తుంది. అందుకని ఏప్రిల్‌లో ఇంకొకటి, మల్లెకీ కనకాంబరానికీ. ఒక ఏడు బందరు, ఒక ఏడు గుడివాడ, ఒక ఏడు అవనిగడ్డ.

పోటీలు మన పూలకు తగ్గట్టు ఉండాలి. గుప్పెడు మల్లెమొగ్గలు, అన్నీ ఒకే తీరు, విచ్చనివి, కాడ పొడుగైనవి. కాడ పొడుగ్గా ఉంటేనే దండకు లొంగుతుంది. ముద్దబంతులు మూడు, ఒకే పరిమాణం. కుండీలో చేమంతి, సకాలంలో తలలు తుంచి గుబురుగా పెంచింది. కట్టిన దండలకు ఒక విభాగం, మరువం కలిపిన కదంబంతో సహా, ఎందుకంటే దండ కట్టడం కూడా పనితనమే. పెడన అద్దకంవాళ్ళకు ఒక విభాగం, ప్రదర్శనలోని పూవునే అచ్చుగా చెక్కి గుడ్డ మీద వేసినందుకు. పిల్లలకు గొబ్బెమ్మ విభాగం ఉండనే ఉంది.

ఇంకొక విభాగం మనం తప్ప ఎవరూ పెట్టలేనిది. నాగాయలంక, కోడూరు వైపు కాలవల చివర భూములకు ఉప్పు బాధ ఎంతో అక్కడివాళ్ళకు తెలుసు. 1977 నవంబరు 19న ఉప్పెన ఆ సీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. బతికినవాళ్ళు మళ్ళీ పంట తీసిన నేల అది. ఉప్పునేలలో పెంచిన పూలమొక్కలకు ప్రత్యేక బహుమతి పెట్టాలి. గన్నేరు, బిళ్ళగన్నేరు, కాగితాలపూలు, పొన్న, ఇవి ఉప్పును ఓర్చుకునేవి. ఏ మొక్క ఎంతవరకు తట్టుకుంది, ఎవరు ఏ ఎరువుతో, ఎంత ఎత్తు మడి మీద నిలబెట్టారు అన్నది ఏడాదికేడాది రాసుకుంటే పక్క తీరాల వాళ్ళు మన దగ్గరికి వచ్చి నేర్చుకుంటారు.

ఖర్చు పెద్దగా లేదు. బడి బల్లలు చాలు. వేక్‌ఫీల్డ్ బీరుసీసా చెప్పాను కదా, మనకు గోళీసోడా సీసాలున్నాయి. తీర్పు చెప్పడానికి 2007లో ఏర్పడిన వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం నుంచి ఒకరిని పిలుద్దాం. పక్కన నలభై ఏళ్ళుగా దండలు కడుతున్న ముసలమ్మను కూడా కూర్చోబెడదాం. మొగ్గను రెండు వేళ్ళతో పట్టుకుని ఇది రాత్రి ఏడింటికి విచ్చుతుంది, ఇది తొమ్మిదింటిదాకా ఆగుతుంది అని చెప్పగలిగేది ఆమే.

నియమాలు రెండు గట్టిగా పెట్టుకోవాలి. తీర్పు అయ్యేదాకా చీటీ బోర్లించి ఉండాలి, పూవు ఎవరిదో తీర్పరికి తెలియకూడదు. రెండోది, చీటీ తిప్పాక దాని మీద ఉండాల్సింది పెంచిన చేతి పేరు. పొలం భర్త పేరున ఉండి పూలు పెంచింది భార్య అయితే ఆమె పేరు. మేడ యజమానిది, కుండీలు కాపలామనిషి పెంచినవైతే ఆ మనిషి పేరు.

సంఘానికి మొదట కావలసిన ఆస్తి ఒక నోటుపుస్తకం. రకం పేరు, ఊరు, పెంచినవాళ్ళ పేరు, నేల సంగతి, తేదీ. మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన మచిలీపట్నం కలంకారీకీ ఆ గుర్తింపు ఉంది. ఇలాంటి గుర్తింపు అడిగినప్పుడల్లా ఎదురయ్యే మొదటి ప్రశ్న, మీ సరుకు ప్రత్యేకమని, మీ ఊరిదని రాతపూర్వకంగా ఏం చూపిస్తారు అన్నదే. మాటకు అక్కడ విలువ లేదు, రాతకుంది. పుస్తకం ఈ ఏడు మొదలుపెడితే పదేళ్ళకు అదే సాక్ష్యం అవుతుంది.

వింటున్నవాళ్ళలో బడి పంతులుగారున్నా, మహిళా సంఘం అమ్మలున్నా, నర్సరీ నడిపే అన్నలున్నా, వచ్చే సంక్రాంతి సెలవులకు మీ ఊరి బడిలో ఓ పది బల్లలు అడిగి చూడండి. చేమంతి పిలకలు నాటే అదను ఇంకా దాటకపోతే ఇవాళే నాటండి. చీటీలు నేను చెప్పినట్టు బోర్లించండి, పుస్తకంలో పేర్లు మాత్రం పూర్తి ఇంటిపేరుతో రాయండి.